బండి కాగుతోందా, నీ కాలు కాలుతోందా? ముందు అది తేల్చుకో తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు చెప్పింది మొత్తం చదివాను. నాలుగొందల సీసీ లిక్విడ్ కూల్డ్ (ఇంజన్ చుట్టూ నీళ్ళు తిరిగి చల్లబరిచే) టూరింగ్ బండి, రెండు పక్కలా బాక్సులు, వెనకాల మీ ఆవిడ, అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చేసరికి టెంపరేచర్ గీతలు ఎక్కుతున్నాయి, సెంటర్లో ఆగితే ఎర్ర గీతకి ఒక్క మెట్టు కిందదాకా పోతోంది, కుడికాలు మాడిపోతోంది. మెకానిక్కు థర్మోస్టాట్ (ఇంజన్ కాగాక నీళ్ళని రేడియేటర్‌కి వదిలే కవాటం) పీకేద్దాం అన్నాడు, ఫ్రెండు చిక్కటి ఆయిల్ పొయ్యమన్నాడు, ఇంకోడు ఫ్యాన్‌కి డైరెక్ట్ స్విచ్ పెట్టేయమన్నాడు. మే నెలలో మారేడుమిల్లి మీదుగా భద్రాచలం పోవాలి. అంతే కదా. ముగ్గురు చెప్పిందీ ఇప్పుడప్పుడే చెయ్యకు, ఎందుకో కింద చెప్తాను, కొంచెం పొడుగే అవుద్ది, టీ తెచ్చుకుని కూర్చో.

నా సంగతి ఒక్క ముక్క. భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద జనరేటర్లూ డీజిల్ ఇంజన్లూ రిపేరు చెయ్యటం నా పని, రేడియేటర్లూ హోసులూ వాటర్ పంపులూ రోజూ చేతిలో ఉండేవే. తీరిక దొరికితే బండి ఎక్కి తిరగటం పాత అలవాటు. కాబట్టి వేడి విషయంలో కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏం అనుకోకు.

అసలు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఇంజన్ వేడెక్కటం వేరు, ఆ వేడి నీకు తగలటం వేరు. మనోళ్ళు ఈ రెండిటినీ కలిపేసి, కాలు కాలుతోందని కూలెంట్, అంటే రేడియేటర్‌లో తిరిగే నీళ్ళ మందు, మారుస్తారు, గీతలు ఎక్కుతున్నాయని సైలెన్సర్‌కి గుడ్డ చుడతారు, డబ్బులు పోతాయి, వేడి మాత్రం అక్కడే ఉంటది. నిజం చెప్పాలంటే రేడియేటర్ శుభ్రంగా పనిచేసే బండే కాలికి ఎక్కువ కొడుద్ది, ఎందుకంటే ఇంజన్‌లోంచి లాగిన వేడి ఎక్కడికో అక్కడికి పోవాలి కదా, ఫ్యాన్ దాన్ని తెచ్చి నీ మోకాళ్ళ మీద పడేస్తది. నువ్వు కాల్చే పెట్రోల్లో చక్రం దాకా చేరేది పావు వంతు, మహా అయితే 30 శాతం, మిగిలిందంతా వేడే, అందులో ఇంచుమించు సగం సైలెన్సర్ గుండా, సగం రేడియేటర్ గుండా ఆయిల్ గుండా బయటికి పోద్ది. దానికి తోడు 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 పొల్యూషన్ రూలు వచ్చాక పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని త్వరగా వేడెక్కాలని ఇంజన్‌కి బాగా దగ్గరగా తెచ్చి పెట్టేశారు, చాలా బళ్ళలో అది సరిగ్గా పాదం పక్కనే ఉంటది. అది వందల డిగ్రీల్లో పనిచేసే వస్తువు, చల్లగా ఎలా ఉంటది.

నీ బండికి రెండు జబ్బులూ ఉన్నట్టున్నాయి. గీతలు ఎర్రదాకా పోవటం మామూలు కాదు, దాన్ని ముందు చూద్దాం, కాలు సంగతి తర్వాత.

గీతలు ఎప్పుడు ఎక్కుతున్నాయో గమనించు, సగం జబ్బు అక్కడే తెలుస్తది. ఆగినప్పుడు ఎక్కి, కదిలి 40, 50 స్పీడు అందుకోగానే దిగిపోతే తేడా ఫ్యాన్‌లోనో, రేడియేటర్‌కి తగిలే గాలిలోనో ఉంది. హైవే మీద, రావులపాలెం నుంచి తణుకు వైపు 80లో సాఫీగా పోతున్నప్పుడు కూడా మెల్లగా ఎక్కుతూనే ఉంటే గాలి లోటు కాదు, లోపల నీళ్ళు తక్కువున్నాయి, లేదా థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోంది, లేదా రేడియేటర్ గొట్టాలు లోపల పూడాయి, లేదా పంపు సరిగ్గా తోడట్లేదు. గీతలు ఉన్నట్టుండి ఎక్కి ఉన్నట్టుండి దిగిపోతుంటే లోపల గాలి బుడగ ఇరుక్కుందనుకో. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతూ, రిజర్వ్ ట్యాంకులో బుడగలు లేస్తూ, పొద్దున స్టార్ట్ చేసి బండి వేడెక్కాక కూడా తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయినట్టు, ఇక బండి నడపకు, ఆటో ఎక్కించు. నువ్వు రాసిందాన్ని బట్టి నీది మొదటి రకం, మీ దారిలో స్పీడు బ్రేకర్లకి లెక్కే లేదు కాబట్టి ఆగి కదిలే బండి అది.

ఇంకో మాట, ఇది మన వైపు వాళ్ళకే వర్తిస్తది. నువ్వు ఎక్కువ సాయంత్రం పూట వస్తానన్నావు కదా. అమలాపురం నుంచి రావులపాలెం అంటే వాయవ్యంగా రావటం, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి నీ వీపు మీదే ఉంటది. 30లో పోతున్న బండికి వెనకనుంచి 20 స్పీడు గాలి వస్తే రేడియేటర్‌కి ముందునుంచి తగిలేది 10 స్పీడు గాలే. బండి కదులుతోంది కాబట్టి గాలి తగులుతోందని మనం అనుకుంటాం, దానికి మాత్రం నిలబడ్డట్టే ఉంటది. అదే రోడ్డు మీద తిరిగి వెళ్ళేటప్పుడు గీతలు తక్కువుంటే భయపడాల్సింది సగం తగ్గినట్టే.

ఇప్పుడు ఫ్యాన్. ఇంటి దగ్గర బండిని స్టాండ్ మీద పెట్టి స్టార్ట్ చేసి వదిలెయ్, గీతలు చూస్తూ చెవి పెట్టు. బండిని బట్టి వంద డిగ్రీలకి అటూఇటూగా ఫ్యాన్ అందుకోవాలి, అందుకుని కొంచెంసేపట్లో ఒక గీత దించి ఆగాలి. అలా దిగి ఆగి మళ్ళీ తిరిగితే ఫ్యాన్ బాగున్నట్టే, ఫ్యాన్ తిరగటాన్ని చూసి గాభరా పడేవాళ్ళని చాలామందిని చూశాను, తిరగకపోతే కదా గాభరా పడాలి. అసలు అందుకోకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టర్, మోటారు, ఈ వరసలో చూడు. సముద్రానికి దగ్గరగా, అంతర్వేది ఓడలరేవు వైపు తిరిగే బళ్ళకి ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చగా పట్టేస్తాయి, విప్పి తుడిచి మళ్ళీ పెడితే చాలాసార్లు అంతటితో సరి. ఇంకా తెలివైన తేడా ఒకటుంది, ఫ్యాన్ తిరుగుతది కానీ నీరసంగా తిరుగుతది. టూరింగ్ బండి కదాని నువ్వు ఫాగ్ లైట్లు పెట్టించే ఉంటావు, ఫోన్ చార్జర్ ఉంటది, బ్యాటరీ రెండేళ్ళది దాటి ఉంటది, ఐడిల్‌లో చార్జింగ్ అంతంత మాత్రం, దాంతో ఫ్యాన్‌కి అందాల్సిన కరెంటు అందదు. లైట్లు ఆపి ఒకసారి, వేసి ఒకసారి ఆ సౌండు విను, తేడా తెలిస్తే తెలిసినట్టే. కీ తీసేశాక రెక్కల్ని వేలితో తిప్పి చూడు, గరగరలాడితే మట్టి దూరింది.

రేడియేటర్ మొహం దగ్గరికి వద్దాం. ఊటీకీ లడఖ్‌కీ పోయినోళ్ళు రాసినవి చదివితే ఇది ఎవడూ చెప్పడు, ఎందుకంటే వాళ్ళ రోడ్ల మీద ధాన్యం ఆరబొయ్యరు. మనకి ఏప్రిల్ మేలో దాళ్వా కోతలు, కోత మిషన్లు తిరిగినంతసేపూ గడ్డి తునకలు గాల్లోనే ఉంటాయి, సగం రోడ్డు ధాన్యం, మిగతా సగంలో ట్రాక్టర్లు, ఆ తప్పా తాలూ మొత్తం రేడియేటర్ పీల్చుకుంటది. కార్తీకం ముందు సార్వా పైరు మీద సాయంత్రం ఆరున్నర దాటాక బయల్దేరితే దీపప్పురుగులు, హెల్మెట్ అద్దం తుడుచుకుంటావు కానీ రేడియేటర్ ఎవడు తుడుస్తాడు. కోనసీమలో పీచు మిల్లుల పక్కన రోడ్డయితే కొబ్బరి పొట్టు. కాలవ గట్టు రోడ్డు వానకి తడిస్తే నల్లమట్టి, ముందు టైరు విసిరిందంతా వెళ్ళి దానికే పడుద్ది, ఎండాక రేకుల మధ్యన గట్టిగా పట్టుద్ది. పైనుంచి చూస్తే అంతా బాగానే కనపడుద్ది. టార్చి లైటు వెనకనుంచి వేసి ముందునుంచి చూడు, వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు రావాలి. నాకు తెలిసి మన జిల్లాల్లో గీతలు ఎక్కుతున్నాయని వచ్చే బళ్ళలో ఎక్కువ బళ్ళకి జబ్బు ఇదే, ఖర్చు కూడా లేని జబ్బు.

కడిగే పద్ధతి మాత్రం జాగ్రత్త. బండి పూర్తిగా చల్లారాక, సబ్బునీళ్ళు చల్లి ఓ పావుగంట నాననిచ్చి, వెనకనుంచి ముందుకి, అంటే ఇంజన్ వైపు నుంచి, మామూలు పైపు నీళ్ళతో కొట్టు. ముందునుంచి కొడితే తాలు ఇంకా లోపలికి పోద్ది. వాటర్ సర్వీసింగ్ వాళ్ళ ప్రెషర్ గన్ దగ్గరికి రానివ్వకు, ఆ అల్యూమినియం రేకులు కాగితమంత పల్చన, ఒక్క దెబ్బకి వంగి పడుకుంటాయి, వంగిన రేకుల్లోంచి గాలి పోదు. వంగినవాటిని పాత టూత్‌బ్రష్ కాడతోనో సన్నటి ప్లాస్టిక్ పుల్లతోనో ఓపిగ్గా లేపొచ్చు, స్క్రూడ్రైవర్ పెట్టావంటే గొట్టానికి బొక్క పడుద్ది. రేడియేటర్ గార్డు కొనేటప్పుడు దోమతెరలా సన్న కన్నాలది కొంటున్నారు, అది రాళ్ళనీ ఆపుద్ది, గాలినీ ఆపుద్ది. కొంచెం పెద్ద కన్నాలది తీసుకో.

ధాన్యం అన్నాను కాబట్టి ఒకటి. ఎండుగడ్డి పరిచిన రోడ్డు మీదినుంచి పోయాక ఆగి ఒక్కసారి వంగి చూసుకో. సైలెన్సర్ బెండుకీ స్టాండ్‌కీ మధ్యన గడ్డి చుట్టుకుంటే అది అంటుకుంటది, నేను బెదిరించట్లేదు, కన్వర్టర్ వేడికి అంటుకోటానికి ఎంతోసేపు పట్టదు. గడ్డివాము పక్కన, కళ్ళం పక్కన వేడి బండి ఆపొద్దు కూడా.

నీళ్ళ సంగతి. కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా కొన్ని మందులు. మామూలుగా సగం సగం. మనకి గడ్డకట్టే చలి లేదు కదా, గ్లైకాల్ ఎందుకు, ఉత్త నీళ్ళు పోస్తే ఇంకా బాగా వేడి లాగుద్ది కదా అని ఒకాయన వాదించాడు. వేడి లాగే మాట నిజమే, నీళ్ళని మించింది లేదు. కానీ గ్లైకాల్ మరిగే పాయింటు పెంచుద్ది, ఆ మందులు అల్యూమినియాన్నీ పంపు సీలునీ కాపాడతాయి, అందుకని బండి బుక్కులో ఉన్న పాళ్ళే ఉంచు. రంగు చూసి కొనకు, పచ్చదైనా ఎర్రదైనా రంగు కలిపిందే, లోపలి మందు రకం ముఖ్యం, రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి సన్న గొట్టాలు మూసుకుపోతాయి. బుక్కులో చెప్పిన గడువుకి మార్చెయ్, చూట్టానికి రంగు బాగానే ఉన్నా లోపలి మందు అరిగిపోయుంటది.

మన దగ్గర అసలు ప్రమాదం బోరు నీళ్ళు. రాజోలు, నరసాపురం, భీమవరం, సముద్రం వైపు ఎటు పోయినా బోరు కొడితే ఉప్పు, మీకు తెలియంది కాదు. చెరువుల మీద జనరేటర్లకి కుర్రాళ్ళు పక్కనున్న నీళ్ళే బకెట్టుతో పోసేస్తారు, కొన్నాళ్ళకి ఆ రేడియేటర్ విప్పితే లోపల తెల్లగా సున్నం పేరుకుని, వాటర్ పంపు రెక్కలు తినేసి, సీలు దగ్గర కారుతూ నా దగ్గరికి వస్తది. అవి మందపువి, అయినా అలా అవుతాయి, నీ బండిది పల్చటి అల్యూమినియం. దారిలో నీళ్ళు తగ్గితే దాబా దగ్గర కుండలో నీళ్ళు, చేతిపంపు నీళ్ళు పొయ్యకు, షాపులో వాటర్ బాటిల్ కొని పొయ్, ఇంటికొచ్చాక మొత్తం దించేసి కొత్త కూలెంట్ పోయించు. బ్యాటరీ షాపుల్లో డిస్టిల్డ్ వాటర్ అమ్ముతారు, లీటరు డబ్బా బాక్సులో పడేసి ఉంచుకుంటే ఆ బాధే లేదు.

దించిన పాత కూలెంట్‌ని కాలవలో పారబొయ్యకండి బాబూ. మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ కాలవలతోనే. ఆ కూలెంట్ తియ్యగా ఉంటది, కుక్కలు నాకుతాయి, పిల్లలు ముట్టుకుంటారు, అసలు విషం అది. మూత పెట్టిన డబ్బాలో పోసి సర్వీస్ సెంటర్లో ఇచ్చెయ్యండి.

రేడియేటర్ మూత అనేది ఎవరూ పట్టించుకోని వస్తువు. అది ఉత్త మూత కాదు, కుక్కర్ మీద వెయిట్ చేసే పనే ఇది చేస్తది, లోపల ప్రెషర్ పట్టి ఉంచుద్ది. చాలా బళ్ళలో 1.1 బార్ అని దాని మీదే రాసుంటది. సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుద్ది, ఆ ప్రెషర్ ఉంటే 125 దాటినా మరగదు. మూత రబ్బరు ఎండిపోయి స్ప్రింగు నీరసపడితే ఆ బలం పోద్ది, కూలెంట్ రిజర్వ్ ట్యాంకులోకి తన్నుకొచ్చేస్తది, చల్లారాక తిరిగి లోపలికి లాక్కోదు. దాంతో ఏమవుద్దంటే రిజర్వ్ ట్యాంకు నిండుగా కనపడుద్ది, మనం చూసి కూలెంట్ ఫుల్లు అనుకుంటాం, అసలు రేడియేటర్ పైన సగం గాలి ఉంటది. నీ బండికి కూడా నాకు మొదటి అనుమానం దీని మీదే. నువ్వు రాసిన దాంట్లో "రిజర్వ్ ట్యాంకు మ్యాక్స్ గీత దాటి ఉంది, కాబట్టి కూలెంట్ ప్రాబ్లం కాదు" అన్నావు చూడు, ఆ మ్యాక్స్ దాటటమే నాకు నచ్చలేదు. పొద్దున్నే, రాత్రంతా ఆగిన బండి మీద మాత్రమే మూత తియ్యి. వేడి మీద తీశావంటే ఆవిరి మొహానికి కొడుద్ది, గుడ్డ వేసి తీసినా అంతే, చెయ్యి మొహం ఊడొస్తాయి. తీసి చూస్తే నీళ్ళు మెడదాకా ఉండాలి. లేకపోతే ముందు మూత మార్చు, కొద్ది డబ్బుల్లో పోయేదానికి ఇంజన్ విప్పొద్దు. నింపాక గాలి తియ్యటం మర్చిపోకు, మూత తీసే ఉంచి, మూత వైపు ఎత్తుగా ఉండేలా బండిని నిలబెట్టి, ఐడిల్‌లో థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఉంచితే బుడగలు వచ్చి మట్టం పడిపోద్ది, మళ్ళీ నింపి మూసెయ్. గాలి తీసే స్క్రూ ఉన్న బండయితే ఇంకా తేలిక.

ఇప్పుడు నీకు సలహాలిచ్చిన ముగ్గురి సంగతి. థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ కొడతది, మైలేజీ పోద్ది, కాలని పెట్రోలు ఆయిల్లోకి దిగుద్ది. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ బైపాస్ దారిని మూస్తది, అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌కి వెళ్ళకుండా అడ్డదారిన తిరిగొచ్చేస్తాయి, అంటే తీసినందుకు వేడి ఇంకా పెరుగుద్ది. అనుమానముంటే విప్పి గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి కాచి చూడమను, 80 దాటాక తెరుచుకుంటే బాగున్నట్టు, నీళ్ళు మరుగుతున్నా కదలకపోతే కొత్తది వెయ్యండి, అంతే. పీకి పారేసేది మాత్రం కాదు.

చిక్కటి ఆయిల్ మాట పాత బుల్లెట్ల కాలం నాటిది. ఇప్పటి ఇంజన్లలో సందులు సన్నవి, బుక్కులో 10డబ్ల్యూ-50 అంటే అదే, 15డబ్ల్యూ-50 అంటే అదే. అంతకంటే చిక్కగా పోస్తే తిరగటానికే బలం ఎక్కువ పట్టి వేడి పెరుగుద్ది. ఆయిల్ గ్రేడు కంటే మట్టం చూసుకో, తక్కువ ఆయిల్ ఉంటే ఉన్న కాస్తా వేడెక్కి త్వరగా చస్తది. డబ్బా మీద జాసో ఎంఏ2 అని, అంటే బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అనే గుర్తు, ఉండాలి, కారు ఆయిల్ చవకని పోస్తే క్లచ్ జారుద్ది, జారిన క్లచ్ మళ్ళీ వేడే.

ఫ్యాన్ స్విచ్ మాట మరీ చెత్తది కాదు. రిలే, ఫ్యూజు పెట్టి పద్ధతిగా వేయిస్తే ఘాట్ రోడ్డు ముందే వేసుకోవచ్చు. కానీ అసలు జబ్బు కనిపెట్టకుండా స్విచ్ పెడితే జబ్బు దాగుద్ది, ఓ రోజు ఆపటం మర్చిపోతే పొద్దున బ్యాటరీ ఉండదు. రేడియేటర్ కడిగి, మూత మార్చాక కూడా అవసరమనిపిస్తే అప్పుడు చూద్దాం. వారంటీ ఉన్న బండికి వైరు కొయ్యకు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. క్రాష్ గార్డుకి కట్టిన బ్యాగులు తీసెయ్, వేడిగాలి బయటికొచ్చే దారికి అడ్డం అవి, ఆ సామాను వెనక బాక్సులోకి మార్చు. ఫాగ్ లైట్లు రేడియేటర్ ముందు ఉంటే పక్కకి జరుపు. చైను బిగువుగా ఉందేమో చూడు, మెయిన్ స్టాండ్ మీద వెనక చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి, బ్రేకు పట్టుకుంటుంటే ఇంజన్ దాన్ని కూడా లాగుతున్నట్టే. ఇద్దరూ సామానూ ఉన్నప్పుడు పై గేర్లో ఈడ్చొద్దు, 30లో నాలుగో గేరు వేసి గుడగుడమనిపిస్తే వేడి ఎక్కుద్ది, రెండు మూడులో తేలిగ్గా తిరగనివ్వు. ట్రాఫిక్కులో హాఫ్ క్లచ్ మీద పాకించటం కంటే కొంచెం ఖాళీ వదిలి ఒకేసారి కదలటం నయం. రైల్వే గేటు దగ్గర, ఇసక లారీల జాములో నిమిషం దాటి ఆగుతుందనిపిస్తే ఆపేసెయ్. ఆపిన వెంటనే గీత ఒకటి ఎక్కి కనపడుద్ది, నీళ్ళు తిరగటం ఆగిపోద్ది కాబట్టి అలా అవుద్ది, కంగారు పడకు.

కాలు సంగతి. ఇంజన్ బాగయ్యాక కూడా కాలు కాలుద్ది, తగ్గించుకోగలం కానీ పోగొట్టలేం. ట్యాంకు కిందా సైడు ప్యానెళ్ళ లోపలివైపూ అంటించే అల్యూమినియం హీట్ షీట్ దొరుకుద్ది, గ్లాస్ ఫైబర్ వెనక ఉన్నది తీసుకో, ఖర్చు తక్కువ, తేడా తెలుస్తది. వైర్ల మీదా గాలి బయటికొచ్చే కన్నాల మీదా మాత్రం అంటించకు. సైలెన్సర్ బెండుకి గుడ్డ టేపు చుట్టటం మన వైపు నాకిష్టం లేదు, వాన నీళ్ళూ ఉప్పుగాలీ పీల్చుకుని లోపల్లోపలే పైపుని తినేస్తది, విప్పినప్పుడు తెలుస్తది. కన్వర్టర్ లేని సైలెన్సర్ వేస్తే వేడి తగ్గేమాట నిజమే, కానీ పొల్యూషన్ రూలుకి విరుద్ధం, సౌండుకి ఊళ్ళో తిట్లు వేరే. పల్చటి ట్రాక్ ప్యాంటూ చెప్పులతో టూరింగ్ బండి ఎక్కి కాలు కాలుతోందంటే నేనేం చెప్పను, చీలమండ దాటిన బూటు, లోపల పొర ఉన్న రైడింగ్ ప్యాంటు, సగం బాధ వాటితోనే పోద్ది. ట్యాంకులో పెట్రోలు సగం పైన ఉంచు, తక్కువ పెట్రోలుంటే ట్యాంకు త్వరగా కాగి తొడలకి తెలుస్తది.

ఉక్కపోత గురించి ఓ మాట. గాల్లో తేమ ఎక్కువుందని బండి వేడెక్కదు, రేడియేటర్‌కి చెమట పట్టదు కదా, దానికి గాలి వేడే లెక్క. తేమతో చచ్చేది మనం. తడి బనీను, నీళ్ళలో ముంచి వేసుకునే కూలింగ్ వెస్టు హైదరాబాద్ వైపో అనంతపురం వైపో బ్రహ్మాండంగా పనిచేస్తాయి, మన డెల్టాలో తడి ఆరదు కాబట్టి కాసేపటికి ఉడకబెట్టిన బట్టే. ఇక్కడ గాలి ఆడే మెష్ జాకెట్టు నయం. కానీ రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో పడమటి గాలి తిరిగిన రోజుంటుంది చూడు, 43, 44 డిగ్రీలు, ఆ రోజు లెక్క తిరగబడుద్ది. ఒంటి చర్మం 35 దగ్గర ఉంటది, దానికంటే వేడి గాలి ఎంత తగిలితే అంత వేడి ఒంట్లోకి ఎక్కుద్ది. ఆ గాలి పొడిగా ఉంటది కాబట్టి అప్పుడు లోపల తడి బనీను వేసి, జాకెట్టు కన్నాలు సగం మూసుకోవాలి. షర్టు గుండీలు విప్పుకుని పోయేవాళ్ళే ముందు పడిపోయేది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకో, మీ ఆవిడకి తల తిరుగుతోందన్నా, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలుతున్నా వెంటనే నీడకి చేర్చి ఒంటి మీద నీళ్ళు పోస్తూ ఆసుపత్రికి పోవటమే, ఇంకో పది కిలోమీటర్లని లాగొద్దు.

నీ ట్రిప్పు అయితే ఇలా పెట్టుకో. తెల్లారుజామున నాలుక్కల్లా అమలాపురం వదిలితే రావులపాలెం, రాజమండ్రి చల్లగా దాటేస్తావు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి 80 కిలోమీటర్ల పైచిలుకు, రంపచోడవరం మీదుగా, అంతవరకూ ఇబ్బంది లేదు. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఘాట్‌లో మలుపులు ఎక్కువ, బరువుతో రెండో గేర్లోనే ఎక్కాలి, స్పీడుండదు, ఫ్యాన్ దాదాపు ఆగకుండా తిరుగుద్ది, అది మామూలే. ఎర్ర గీతకి దగ్గరైతే వెడల్పున్న చోట చూసి ఆపు, మలుపులో ఆపకు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కూలెంట్ డబ్బా, ఒక స్పేర్ ఫ్యూజు, హోసు క్లిప్పు, స్క్రూడ్రైవర్ నీ దగ్గరే ఉండాలి. పదకొండుకల్లా ఎక్కడో చోట గది తీసుకుని పడుకో, నాలుగు దాటాక మళ్ళీ కదులు. ప్రాక్టీసుకి అంతర్వేది వైపు తిరుగుతానన్నావు, అక్కణ్ణుంచి గోదావరి దాటి నరసాపురం పోయే పంటు (బళ్ళని దాటించే పడవ) కోసం ఆగినప్పుడు ఇంజన్ ఆపేసి ఉంచు, పంటు మీద సైలెన్సర్ జనం వైపు కాకుండా నది వైపు ఉండేలా పెట్టు, చిన్నపిల్లల పిక్కలు కాలేది అక్కడే.

ఎర్రలోకి వెళ్ళిపోతే మాత్రం ఆలోచించకు. ఆవిరి కనపడినా, ఎర్ర లైటు వెలిగినా వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపు, కీ ఆన్‌లో ఉంటే ఫ్యాన్ తిరిగే బండయితే కీ ఉంచు. ఇంజన్ మీద చల్లనీళ్ళు గుమ్మరించొద్దు, వేడి అల్యూమినియం మీద ఒక్కసారిగా చల్లనీళ్ళు పడితే వంకరపోవటమో చిట్లటమో జరుగుద్ది. ముప్పావుగంట ఆగు, పై హోసు చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి, అప్పుడే మూత జోలికి. వాటర్ పంపు కింద చిన్న కన్నం ఉంటది, దాన్నుంచి చుక్కలు పడుతుంటే సీలు పోయింది, నీళ్ళు నింపుకుంటూ మెల్లగా దగ్గర ఊరిదాకా పోగలవు కానీ భద్రాచలం కాదు, వెనక్కి తిరుగు.

ముందు రేపు పొద్దున చల్ల బండి మీద మూత తీసి నీళ్ళు మెడదాకా ఉన్నాయో లేదో, మూత రబ్బరు ఎలా ఉందో చూడు, టార్చి వేసి రేడియేటర్ చూడు, ఫ్యాన్ ఏ గీత దగ్గర అందుకుని ఏ గీత దగ్గర ఆగుతోందో రాసి పెట్టు. ఆ మూడూ చెప్తే ఇంకేమన్నా విప్పాలో అక్కర్లేదో చెప్తాను, అప్పటిదాకా మెకానిక్కుని థర్మోస్టాట్ మీద చెయ్యి వెయ్యనివ్వకు.